స్టేషన్ ఇక్కడ, కొలువు అక్కడ

మన కాలేజీలో ఫైనల్ ఇయర్ వాళ్లని "జాబ్ ఎక్కడ వచ్చింది?" అని అడిగి చూడండి. సగం మంది కంపెనీ పేరు కన్నా ముందు ఏరియా పేరు చెప్తారు. గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట. అన్నీ పడమర దిక్కే. చదువు కీసరలో, ఇల్లు ఉప్పల్‌లోనో నాచారంలోనో ఈసీఐఎల్‌లోనో, ఉద్యోగం మాత్రం నగరానికి ఆ చివర. ఇది మనకి ఎంత మామూలైపోయిందంటే "ఎందుకలా?" అని కూడా ఎవరూ అడగట్లేదు. సూర్యుడు తూర్పున పుట్టి పడమటికి పోయినట్టు, మనమూ తూర్పున పుట్టి పడమటికి పోవడమే రాసిపెట్టి ఉందనుకుంటున్నాం.

రాసిపెట్టింది మాత్రం బ్రహ్మదేవుడు కాదు. రైలు పట్టాలు ఎక్కడ వేయాలి, బస్సులు ఎటు తిప్పాలి, ఏ భూమిలో ఏం కట్టనివ్వాలి అని ఆఫీసుల్లో కూర్చుని మనుషులు తీసుకున్న నిర్ణయాలవి. రవాణా మీద ప్రభుత్వం పెట్టే ప్రతి రూపాయీ రెండు పనులు చేస్తుంది. మనం ఎలా తిరగాలో చెప్తుంది, వ్యాపారాలు ఎక్కడ ఉండాలో కూడా చెప్తుంది. మొదటి దాని గురించి రోజూ మాట్లాడుకుంటాం: ట్రాఫిక్, టికెట్టు, టైము. రెండో దాని గురించి మాట్లాడం. నా ఉద్దేశంలో మన తూర్పు హైదరాబాద్‌కి అసలు దెబ్బ తగులుతున్నది ఆ రెండో దగ్గరే. ఈ వ్యాసం దాని గురించి.

మెట్రో చేసిన మేలు

ముందు మంచి చెప్పుకుందాం. హైదరాబాద్ మెట్రో మొదటి ముక్క 2017 నవంబరు 28న ప్రారంభమైంది. నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. అంటే నగరంలో మెట్రో మొట్టమొదట వచ్చిన చోట్లలో ఉప్పల్ ఒకటి. 2019 మార్చి 20న లైను హైటెక్ సిటీ దాకా పోయింది, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా. మొత్తం మూడు కారిడార్లు కలిపి 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు.

మా అక్క మాదాపూర్‌లో పని చేస్తుంది. నాచారంలో ఇల్లు. మెట్రో లేకపోతే పొద్దున రెండు బస్సులు మారి, రాత్రి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటే ఉద్యోగం అది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకునేవాళ్లే కాదు. హబ్సిగూడలో ఎక్కితే గంటలోపు ఆఫీసు దగ్గర దిగొచ్చు, లేడీస్ కోచ్ ఉంది, స్టేషన్లో లైట్లున్నాయి, కెమెరాలున్నాయి అని చెప్పాకే మా నాన్న "సరే" అన్నాడు. ఉప్పల్, తార్నాక, మెట్టుగూడ వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉంటాయి. ఒక రైలు లైను ఒక అమ్మాయి జీతాన్ని, ఆ జీతంతో ఇంట్లో ఆమె మాటకొచ్చే విలువని మార్చగలదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు రోజూ బస్సులో నిలబడి పోయినవాళ్లు కాదని నా అనుమానం.

2023 జూన్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర స్కైవాక్ కూడా తెరిచారు. వరంగల్ బస్సు దిగినవాడు, యాదగిరిగుట్ట బస్సు దిగినవాడు అంత ట్రాఫిక్‌లో ప్రాణం అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటే అవసరం లేకుండా స్టేషన్లోకి నడిచి పోవచ్చు. మెట్రో వచ్చాక ఉప్పల్ చౌరస్తా ఒక ద్వారం లాగా అయింది. జిల్లాల నుంచి వచ్చేవాళ్లకి హైదరాబాద్ ఇక్కడే మొదలవుతుంది.

మొదలవుతుంది, కానీ ఇక్కడ ఆగదు. ద్వారం దగ్గర ఎవరూ కూర్చోరు కదా, దాటుకుని లోపలికి పోతారు.

కొబ్బరిబొండంలో స్ట్రా

జపాన్‌లో షింకన్‌సెన్ రైళ్లు, పెద్ద పెద్ద వంతెనలు వచ్చాక అక్కడివాళ్లు ఒక మాట వాడటం మొదలుపెట్టారు: స్ట్రా ఎఫెక్ట్. ఒక పెద్ద ఊరిని, ఒక చిన్న ఊరిని వేగమైన లైనుతో కలిపితే చిన్న ఊరు కూడా పెద్దదవుతుందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు తిరగబడుతుంది. చిన్న ఊరి కొనుగోళ్లు, ఉద్యోగాలు, కుర్రాళ్లు అదే లైను మీద పెద్ద ఊరికి వెళ్లిపోతారు. కొబ్బరిబొండంలో స్ట్రా వేసినట్టు. స్ట్రాకి రెండు చివరలూ తెరిచే ఉంటాయి, నిజమే. కానీ నీళ్లు ఎటు పోతాయో పీల్చేవాడి మీద ఆధారపడి ఉంటుంది.

మన దగ్గర పీల్చే నోరు ఎక్కడుందో చెప్పక్కర్లేదు. సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అక్కడికి మెట్రో 2019లో చేరింది. అంటే ఇరవై ఏళ్లకు పైగా మెట్రో లేకుండానే హైటెక్ సిటీ పెరిగింది. ప్రభుత్వం చేతిలో పెద్ద పెద్ద భూములుండటం, వెడల్పు రోడ్లు, ఒక కంపెనీ వచ్చాక దాని పక్కన ఇంకో కంపెనీ, దాని చుట్టూ హాస్టళ్లు, స్కూళ్లు, ఆసుపత్రులు. ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త 1890లోనే దీన్ని వివరించాడు: ఒకే రకం పని చేసేవాళ్లు ఒక చోట గుమిగూడితే నైపుణ్యం, సరఫరాదారులు, కబుర్లు అన్నీ అక్కడే దొరుకుతాయి కాబట్టి కొత్తగా వచ్చేవాడు కూడా అక్కడికే వస్తాడు. బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్ల పక్కనే ఇంకో హోల్‌సేల్ కొట్టు ఎందుకు పెడతారో తెలిసినవాళ్లకి మార్షల్‌ని విడిగా చదవక్కర్లేదు.

ఇప్పుడు ఒక హెచ్‌ఆర్ మేనేజర్ లాగా ఆలోచించండి. ఆఫీసు రాయదుర్గంలో ఉంది. మెట్రో రాకముందు ఉప్పల్ వాళ్లు "దూరం సార్" అని వేరే పని చూసుకునేవాళ్లు. వాళ్ల కోసం తూర్పున ఒక చిన్న బ్రాంచ్ పెట్టాలేమో అన్న ఆలోచన కొంతైనా వచ్చేది. మెట్రో వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ఉప్పల్ మనిషి తన డబ్బుతో, తన టైముతో తనే వచ్చేస్తున్నాడు. కంపెనీ అంగుళం కదలకుండానే దాని లేబర్ మార్కెట్ నాగోల్ దాకా సాగింది. లైను లేనప్పుడు దూరం కంపెనీకి సమస్య. లైను వచ్చాక దూరం మన సమస్య.

ఆ సమస్య ఖరీదు కూడా లెక్కేద్దాం, ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా. 2025 మే సవరణ, దాని మీద తగ్గింపు అన్నీ పోగా మెట్రో గరిష్ఠ చార్జీ 69 రూపాయలు. ఈ చివర నుంచి ఆ చివరకి రానూపోనూ 138. నెలకి 25 రోజులైతే 3,450. ఇంటి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఆఫీసుకి షేర్ ఆటో అదనం. ఫ్రెషర్ జీతంలో అది చిన్న మొత్తం కాదు. టైము సంగతి: వారానికి ఐదు రోజులు, రోజుకి మూడు గంటలు తిరిగితే ఏడాదికి దాదాపు 750 గంటలు. ముప్పై ఒక్క రోజులు. ఏడాదిలో ఒక నెల మొత్తం, రాత్రీ పగలూ కలిపి, రైల్లోనే ఉన్నట్టు.

అలాగని తూర్పున ఏమీ లేదని కాదు. ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్ ఉంది. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది. హబ్సిగూడ, తార్నాక మధ్య ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి దేశం గర్వించే ల్యాబులు ఉన్నాయి. కుషాయిగూడలో ఈసీఐఎల్ ఉంది, పక్కనే ఎన్‌ఎఫ్‌సీ ఉంది. కానీ తమాషా చూడండి. పోచారం క్యాంపస్ వరంగల్ హైవే మీద, ఉప్పల్ దాటాక చాలా దూరంలో ఉంది. మెట్రో అటు పోదు. అటు పోయే రోడ్డు మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి 2018లో శంకుస్థాపన చేశారు. మనం ఇంటర్ కూడా చేరని రోజులవి. ఏడేళ్లు దాటినా 2025 ముగిసేనాటికి అది పూర్తి కాలేదు.

ఆ రోడ్డు మీద వ్యాపారం ఏమైందో బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు నుంచి వచ్చే మన క్లాస్‌మేట్స్‌ని అడగండి. షాపు ముందు పిల్లర్, పిల్లర్ చుట్టూ గుంత, గుంత చుట్టూ దుమ్ము. కస్టమర్ బండి ఆపుకోవడానికి చోటు లేదు. షట్టర్ మీద 'టు లెట్' బోర్డులు. పనులు సాగుతున్నంత కాలం కూడా రవాణా పెట్టుబడి వ్యాపారాల తలరాత రాస్తూనే ఉంటుంది. కాకపోతే ఇక్కడ ఎర్ర ఇంకుతో రాసింది.

నాచారం కథ వేరు

మా బాబాయ్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్యాకేజింగ్ యూనిట్‌లో మెషిన్ ఆపరేటర్. పంతొమ్మిదేళ్ల సర్వీసు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మల్లాపూర్‌లో ఇల్లు, సైకిల్ మీద డ్యూటీకి పోతాడు. మెట్రో ఎక్కింది రెండే సార్లు, రెండు సార్లూ పెళ్లికి. ఒకసారి నేను "మెట్రో వచ్చినంక నీకేం మారింది బాబాయ్?" అని అడిగితే, "నాకేం మారలే బిడ్డా. మా సేటు జాగకు రేటు మారింది" అన్నాడు.

ఈ ఒక్క ముక్కలో అర్బన్ ఎకనామిక్స్ సగం పాఠం ఉంది. విలియం అలోన్సో 1964లో రాసిన సిద్ధాంతం ఇదే: చేరుకోవడం సులువైన కొద్దీ ఆ భూమికి ఎక్కువ అద్దె ఇవ్వగలిగినవాడు తక్కువ ఇవ్వగలిగినవాడిని పక్కకి నెడతాడు. ఎకరంలో ఒక అంతస్తు షెడ్డు వేసుకుని అట్టపెట్టెలు చేసేవాడు, అదే ఎకరంలో పాతిక అంతస్తులు లేపే బిల్డర్‌తో పోటీ పడలేడు. హబ్సిగూడ స్టేషన్ నుంచి నాచారం చౌరస్తాకి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ. బిల్డర్ బ్రోచర్‌లో అది 'మెట్రోకి ఐదు నిమిషాలు'. సైకిల్ మీద పోయే కార్మికుడికి ఆ స్టేషన్ ఉన్నా లేనట్టే, భూమికి మాత్రం లేకపోయినా ఉన్నట్టే.

ఇందులో ప్రభుత్వం పాత్ర ఏమిటో వరుసగా చూడండి. 2020 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం గ్రిడ్ పాలసీ అని తీసుకొచ్చింది. ఐటీని పడమర నుంచి మిగతా దిక్కులకి పంచాలన్నది దాని ఉద్దేశం. ఉప్పల్, నాచారం వైపు పారిశ్రామిక స్థలాల్ని ఐటీ పార్కులుగా మార్చుకోవడానికి కొన్ని కంపెనీలకి అనుమతి పత్రాలు కూడా ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. ఆఫీసులు మన వైపు వస్తే మా అక్క లాంటి వాళ్లకి అంతకన్నా ఏం కావాలి? తర్వాత 2025 నవంబరులో ఇప్పటి ప్రభుత్వం హైదరాబాద్ ఇండస్ట్రియల్ ల్యాండ్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ పాలసీ ప్రకటించింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని చుట్టుపక్కల ఉన్న పాత పారిశ్రామికవాడల్లో సుమారు 9,292 ఎకరాలని అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, మాల్స్, ఏదైనా కట్టుకునేలా మార్చుకోవచ్చు. ఫీజు కట్టాలి: రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులకు మించిన రోడ్డు పక్కన ఉంటే 50 శాతం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, కుషాయిగూడ, చర్లపల్లి, అంటే మనం రోజూ బస్సు కిటికీలోంచి చూసే ఊళ్లన్నీ ఇందులోకే వస్తాయి.

దీని మీద పార్టీలు ఒకళ్ల నొకళ్లు చాలా అనుకున్నాయి, ఆ గొడవ మనకొద్దు. నా ప్రశ్న ఒక్కటే. ఈ స్థలాలు ఒకప్పుడు తక్కువ ధరకి ఇచ్చింది ఉద్యోగాలు ఇస్తారని. పక్కన మెట్రో వచ్చింది. దానికి కేంద్రం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ కింద 1,458 కోట్లు మంజూరు చేసింది, స్టేషన్ల కోసం, రోడ్డు వెడల్పు కోసం ఎందరో ఇళ్లూ దుకాణాలూ వదులుకున్నారు. ఆఖరికి 2025లో ఎల్ అండ్ టీ తప్పుకుంటానంటే రాష్ట్ర ప్రభుత్వమే మెట్రోని అప్పులతో సహా తీసుకోవడానికి ఒప్పుకుంది. అంటే ఆ భారం కూడా జనం మీదే. మరి ఆ లైను వల్ల పెరిగిన భూమి విలువలో జనానికి ఎంత? పంతొమ్మిదేళ్లు అదే భూమిలో చెమటోడ్చిన మా బాబాయ్‌కి ఎంత?

యూనిట్‌ని ఔటర్ బయటికి తీసుకుపోతారని వాళ్ల దగ్గర ఇప్పటికే గుసగుసలు. పోతే ఎక్కడికి? తెలీదు. బస్సు ఉంటుందా? తెలీదు. "మెషిన్లను లారీల ఎక్కిస్తరు, మమ్మల్ని ఎవలు ఎక్కిస్తరు?" అంటాడు బాబాయ్. యాభై దాటిన మనిషి. కొత్త చోట కొత్తవాళ్లని సగం జీతానికి తీసుకుంటారని ఆయనకి తెలుసు.

అవతలి మాట

నాతో వాదించే మిత్రులు ఉన్నారు, వాళ్లవి తీసిపారేసే మాటలు కావు. మొదటిది: "నగరం నడిబొడ్డున ఫ్యాక్టరీలు ఎందుకు రా? పొగ, వాసన, రసాయనాలు. నాచారంలో పెరిగినవాడివి, నీకు తెలీదా?" తెలుసు. కొన్ని రోజులు రాత్రిపూట కిటికీలు మూసుకుని పడుకుంటాం. కాలుష్యం చేసే యూనిట్లు ఊరి బయటికి పోవాల్సిందే. కానీ అట్టపెట్టెలు చేసేది, బేరింగులు చేసేది, బిస్కెట్లు ప్యాక్ చేసేది, బట్టలు కుట్టేది రసాయన ఫ్యాక్టరీలతో ఒకే గాటన కట్టకూడదు. నడిచిపోయే దూరంలో పని ఉండటం కన్నా మంచి రవాణా ఏ దేశమూ కనిపెట్టలేదు. మా బాబాయ్ సైకిల్ ఉద్గారాలు సున్నా, సబ్సిడీ సున్నా. అలాంటి ప్రయాణాన్ని మనమే చెరిపేసి, తర్వాత అతని కోసం ఇంకో రోడ్డు వేస్తామనడం ఏం ప్లానింగ్?

రెండోది: "డిమాండ్ ఎక్కడుంటే లైను అక్కడ వేస్తారు. ఖాళీ రైళ్లు తిప్పమంటావా?" వినడానికి బాగుంది. కానీ రవాణాలో డిమాండ్ అనేది వాన లాగా పైనుంచి పడేది కాదు. లైను ఉంటే ఆఫీసు వస్తుంది, ఆఫీసు ఉంటే జనం వస్తారు, జనం ఉంటే డిమాండ్ ఉందంటారు. పడమరకి ఈ గుండ్రం తిరగడం మొదలై పాతికేళ్లయింది. మనకి ఇంకా మొదటి తోపు కూడా దొరకలేదు. ఎప్పుడు లెక్కేసినా డిమాండ్ అక్కడే కనిపిస్తుంది, ఎందుకంటే ప్రతిసారీ డబ్బు అక్కడే పెట్టాం.

పైగా లైను ఎప్పుడూ డిమాండ్‌ని మాత్రమే చూసుకుని నడిచిందా? 2008లో హైదరాబాద్ మెట్రో టెండర్ ఒక కన్సార్షియంకి దక్కినప్పుడు, వాళ్లు ప్రభుత్వం దగ్గర సాయం అడగకపోగా ఎదురు 30 వేల కోట్ల పైచిలుకు ఇస్తామన్నారు. అప్పుడు ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, దీని వెనక భూముల లెక్క ఉందని హెచ్చరించారు. తర్వాత సత్యం కుంభకోణం బయటపడి ఆ ఒప్పందం రద్దయింది. ఆ తర్వాత ఎల్ అండ్ టీతో 2010లో కుదిరిన ఒప్పందంలో కూడా టికెట్ల ఆదాయంతో పాటు స్టేషన్లు, డిపోల దగ్గర రియల్ ఎస్టేట్ ఆదాయం భాగమే. మెట్రో, భూమి కవలపిల్లలు. ఇది కట్టేవాళ్లందరికీ తెలుసు. తెలీనిది ఎక్కేవాళ్లకే.

హాంకాంగ్ ఈ సంగతి దాచుకోలేదు. అక్కడ రైలు సంస్థే స్టేషన్ల మీద భవనాలు కట్టి, పెరిగిన విలువని తిరిగి రైలుకే పెడుతుంది. లండన్‌లో క్రాస్‌రైల్ కట్టేటప్పుడు 2010 నుంచి పెద్ద వ్యాపార భవనాల మీద అదనపు పన్ను వేసి ఖర్చులో కొంత రాబట్టారు. లైను వల్ల లాభపడేవాడు లైనుకి కొంత ఇవ్వాలి. న్యాయంగా ఉంది కదా?

కీసర మ్యాపులో ఎక్కడ?

ఇప్పుడు మన కాలేజీ వైపు వద్దాం. 2023 జులై చివర్లో అప్పటి ప్రభుత్వం మెట్రో మూడో దశ అంటూ పెద్ద మ్యాపు గీసింది. అందులో తార్నాక నుంచి ఈసీఐఎల్‌కి ఒక లైను, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ మీదుగా బీబీనగర్‌కి ఒక లైను ఉన్నాయి. మా వీధిలో ఆ వారమే ఓపెన్ ప్లాట్ల ఏజెంట్లు ఆ మ్యాపు జిరాక్సులు పంచారు. ప్రభుత్వం మారింది. 2024 నవంబరులో ఆమోదించిన రెండో దశ 76.4 కిలోమీటర్లలో ఎయిర్‌పోర్టు ఉంది, కోకాపేట ఉంది, పటాన్‌చెరు ఉంది, హయత్‌నగర్ ఉంది, చాంద్రాయణగుట్ట ఉంది. తర్వాత కలిపిన వాటిలో మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీ ఉన్నాయి. ఈసీఐఎల్ లేదు. ఘట్‌కేసర్ లేదు. కీసర ఊసే లేదు. నాగోల్ దగ్గర మొదలయ్యే లైను ఉంది, నిజమే. అది మనల్ని ఎయిర్‌పోర్టుకి తీసుకుపోతుంది. మళ్లీ ఇక్కడి నుంచి వెళ్లిపోవడానికే.

కీసరకి మెట్రో కావాలని నేను అడగట్లేదు. అడిగితే మీరే నవ్వుతారు. కానీ మన దగ్గర ఇప్పటికే వేసి ఉన్న పట్టాలు ఉన్నాయి. ఎంఎంటీఎస్ రెండో దశలో ఘట్‌కేసర్, మౌలాలి, సనత్‌నగర్ లైను మీద కోట్లు ఖర్చుపెట్టారు. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి రైలుకి జెండా ఊపారు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ కూడా ప్రారంభమైంది. చర్లపల్లి, మౌలాలి: సరిగ్గా ఫ్యాక్టరీలు ఉన్న చోట స్టేషన్లు. కానీ ఆ లైను మీద లోకల్ రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. షిఫ్టు టైముకి రైలు లేకపోతే కార్మికుడికి ఆ స్టేషన్ ఒక భవనం, అంతే. పట్టాలు వేయడం పెట్టుబడి అయితే, పది నిమిషాలకో బండి తిప్పడం కూడా పెట్టుబడే. దానికి రిబ్బన్ కటింగ్ ఉండదు కాబట్టి ఎవరికీ పట్టదు.

ఇక బస్సు. 2019 సమ్మె తర్వాత నగరంలో బస్సులు బాగా తగ్గించారు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకి ఉచితం. నాచారంలో బట్టలు కుట్టే యూనిట్లకి, ప్యాకింగ్‌కి వచ్చే ఆడవాళ్లకి నెలకి మిగిలే ఆ డబ్బు నిజంగా పెద్దది. మన కాలేజీ అమ్మాయిలకీ అంతే. కానీ టికెట్టు లేకపోతే సరిపోదు, బస్సు ఉండాలి. కీసర నుంచి ఈసీఐఎల్‌కి సాయంత్రం పూట ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లని చూసి 'ఉచితం వల్లే రద్దీ' అంటారు కొందరు. రద్దీ అంటే అర్థం ఏంటి? ఇంతమందికి ప్రయాణం అవసరం ఉందని. అవసరం కనిపించినప్పుడు బస్సులు పెంచాలి గానీ జనాన్ని తిట్టడం ఏంటి?

శివరాత్రికి చూడండి. కీసరగుట్టకి ఎన్ని స్పెషల్ బస్సులు! ఎక్కడెక్కడి నుంచో లైను కట్టి వస్తాయి. అంటే బస్సులు వేయడం చేతకాక కాదు. శివుడికి ఏడాదికి ఒక రాత్రి దొరికేది మాకు వారానికి ఆరు పొద్దుల్లు దొరికితే చాలు.

ఏం అడగాలి?

తిట్టి ఊరుకుంటే అది వ్యాసం కాదు, వాట్సాప్ స్టేటస్ అవుతుంది. నేను మూడు అడుగుతాను.

ఒకటి, నాచారం, ఉప్పల్ భూముల మార్పిడి ఫీజులో ఒక వాటా ఈ తూర్పు ప్రాంత రవాణాకే అని పేరుపెట్టి రాయాలి. హబ్సిగూడ స్టేషన్ నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా ఈసీఐఎల్ దాకా, అక్కడి నుంచి నాగారం మీదుగా కీసర దాకా పది నిమిషాలకో బస్సు. మెట్రో లైను ఒక్క కిలోమీటరుకి వందల కోట్లు అవుతుంది. దాంట్లో చిన్న ముక్కతో ఇది అయిపోతుంది.

రెండు, మార్చిన భూమిలో కొంత భాగం ఉద్యోగాల కోసమే ఉంచాలి. అంతా అపార్ట్‌మెంట్లే లేస్తే నాచారం ఇంకో నిద్రపోయే ఊరు అవుతుంది. అప్పుడు మెట్రోలో పొద్దున పడమటికి పోయేవాళ్లు ఇంకో లక్ష మంది పెరుగుతారు, సాయంత్రం పూట ఎదురొచ్చే రైళ్లు ఖాళీగానే తిరుగుతాయి. తూర్పున ఆఫీసులు వస్తే అవే రైళ్లు రెండు వైపులా నిండుతాయి. మెట్రో నష్టాలకి మందు కూడా అదే.

మూడు, యూనిట్‌ని తరలించాలంటే ముందు కార్మికుల ప్రయాణం సంగతి తేల్చాలి. కొత్త చోటుకి మొదటి షిఫ్టుకి అందే బస్సో రైలో ఉందని చూపించాకే అనుమతి. పర్యావరణ నివేదిక అడుగుతున్నాం కదా, ప్రయాణ నివేదిక ఎందుకు అడగకూడదు?

మనం చేయగలిగింది కూడా ఒకటి ఉంది. సివిల్ వాళ్లు, సీఎస్ఈ వాళ్లు, ప్రతి ఏడాదీ అవే మినీ ప్రాజెక్టులు పేర్లు మార్చి పెడుతున్నాం. ఈసారి నాచారం చౌరస్తాలో, ఈసీఐఎల్‌లో, కీసరలో వారం రోజులు నిలబడి ఏ టైముకి ఎన్ని బస్సులొచ్చాయి, ఎంతమంది ఎక్కలేకపోయారు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారు అని లెక్క తీద్దాం. ఒరిజిన్ డెస్టినేషన్ సర్వే అని మన సిలబస్‌లోనే ఉంది. మంత్రులకి వినతిపత్రం కన్నా లెక్క గట్టిగా మాట్లాడుతుంది. మ్యాపు గీసేవాళ్ల టేబుల్ మీద పడమటి లెక్కలు గుట్టలుగా ఉంటాయి. మన వైపు నుంచి ఒక్క కాగితమైనా ఉండాలి.

లిటరరీ క్లబ్ పత్రికలో బస్సులూ భూములూ ఏంటి అని అడిగేవాళ్లకి ఒక మాట. మన కథల్లో, కవితల్లో వలస గురించి ఎంతో రాస్తాం: పాలమూరు నుంచి ముంబై, గల్ఫ్, అమెరికా. రోజూ పొద్దున ఏడింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి తిరిగొచ్చేది కూడా వలసే. ఉన్న ఊళ్లోనే చేసే వలస. ఇంకో ఆరు నెలల్లో మనలో సగం మంది ఆ రైలు ఎక్కుతాం. ఎక్కక తప్పదు, జీతం అక్కడుంది. ఎక్కేముందు, ఇది ఎటు పోతోందో, ఎవరు వేశారో, వెనక మన ఊళ్లో ఎవరి పని పోతోందో తెలుసుకుని ఎక్కుదాం. మన తర్వాత ఇక్కడ చదవబోయే పిల్లలైనా "జాబ్ ఎక్కడ?" అంటే "ఇక్కడే, నాచారంలో" అని చెప్పగలిగే రోజు రావాలంటే, ఆ కాగితం ఈ సెమిస్టర్‌లోనే రాయాలి.